పొగమంచులో పొడిగాలి

విశాఖపట్నంలో సముద్రం పక్కన బయల్దేరే కిరండూల్ రైలు సొరంగాలు దాటుకుంటూ శిమిలిగూడ దగ్గర దాదాపు 1000 మీటర్ల ఎత్తుకెక్కుతుంది. అక్కడి నుంచి అరకు, కొరాపుట్, జయపురం, జగదల్‌పూర్ మీదుగా సాగి బైలదిల్లా కొండల అడుగున ఆగిపోతుంది. ఆ కొండల్లో 1968 నుంచి ఎన్‌ఎండీసీ ఇనుప ఖనిజం తవ్వుతోంది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి గని పనికీ రైల్వే పనికీ వెళ్లి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. సముద్రపు గాలికి అలవాటుపడ్డ ముక్కులు అక్కడి చలికాలంతో సర్దుకోవాల్సి వస్తుంది.

డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే పరుగుకో గట్టి నడకకో బయల్దేరినవాళ్లకి ఈ సంగతి తెలుసు. నిద్ర లేచినప్పుడు ముక్కు బాగానే ఉంటుంది. గేటు దాటి కాస్త దూరం వెళ్లేసరికి నీళ్లలా కారడం మొదలవుతుంది. ఆగి చీదితే మళ్లీ కారుతుంది. ఇంటికొచ్చి కాసేపు కూర్చుంటే దానంతటదే తగ్గిపోతుంది. "రొంప పట్టింది, ఈ చలిలో పరుగులేంటి?" అని ఇంట్లోవాళ్లు కోప్పడతారు.

అది రొంప కాదు. రొంప వైరస్ వల్ల వస్తుంది, వచ్చాక వారమైనా ఉంటుంది, పరుగు ఆపగానే పోదు. ఇది వ్యాయామంతో వచ్చి వ్యాయామంతో పోయేది. వైద్యులు దీన్ని ఎక్సర్‌సైజ్ రైనైటిస్ అంటారు. అలర్జీ ఉన్నవాళ్లలో ఎక్కువగా, లేనివాళ్లలోనూ కనిపిస్తుంది. చాలా సందర్భాల్లో ముక్కు కారేది అది చెడిపోయినందువల్ల కాదు, పని ఎక్కువైనందువల్ల. ఆ పనేమిటో తెలిస్తే, ఎప్పుడు పట్టించుకోనక్కర్లేదో, ఎప్పుడు మందు వాడాలో, ఏ మందు జోలికి పోకూడదో మనకే అర్థమవుతుంది.

ముక్కు చేసే పని

ఊపిరితిత్తుల్లోని గాలి గదులు చాలా సున్నితం. అక్కడికి చేరే గాలి ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు రావాలి. నిండా తేమ ఉండాలి. దుమ్ము ఉండకూడదు. ఈ మూడు పనుల్లో ఎక్కువ భాగం ముక్కే చేస్తుంది, అదీ గాలి లోపలికి దూసుకుపోయే క్షణకాలంలోనే.

ముక్కు గొట్టంలా ఖాళీగా ఉండదు. ఒక్కో వైపు గోడ నుంచి మూడేసి ఎముక మడతలు లోపలికి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిని టర్బినేట్లు అంటారు. వాటిమీద పరుచుకున్న శ్లేష్మపొర నిండా రక్తనాళాలు, గ్రంథులు ఉంటాయి. గాలి ఆ మడతల మధ్య సన్నటి సందుల్లోంచి వంకర్లు తిరుగుతూ వెళ్తుంది. రక్తం నుంచి వేడి, పొర నుంచి తడి తీసుకుంటుంది. దుమ్ము జిగురుకి అంటుకుపోతుంది. పొర మీద ఉండే శైలికలనే సూక్ష్మమైన కేశాలు సెకనుకు పది, పదిహేనుసార్లు కొట్టుకుంటూ ఆ జిగురును గొంతు వైపు నెడుతుంటాయి. మామూలు రోజుల్లో ఇదంతా మనకు తెలియకుండానే గొంతులోకి జారి కడుపులోకి పోతుంది. ముక్కు ముందువైపు కారిందంటే, వెనక్కి నెట్టగలిగిన దానికన్నా ఎక్కువ ఊరిందన్నమాట.

గ్రాముల్లో లెక్క

పొగమంచు పట్టిన పొద్దున గాలి తేమగా ఉందనుకుంటాం. చెట్ల ఆకులు తడిసి ఉంటాయి, కళ్లద్దాల మీద చెమ్మ చేరుతుంది. కానీ ముక్కు లెక్కలో అది పొడిగాలి.

గాలి ఎంత నీటి ఆవిరిని పట్టుకోగలదనేది దాని వేడిమీద ఆధారపడి ఉంటుంది. 10 డిగ్రీల గాలి ఒక ఘనమీటరుకు సుమారు 9.4 గ్రాముల ఆవిరిని మించి పట్టుకోలేదు. పొగమంచు కమ్మిందంటే ఆ 9.4 గ్రాములూ నిండాయని అర్థం, అంతే. అదే గాలి 37 డిగ్రీలకు వేడెక్కితే 44 గ్రాములు పట్టుకోగలదు. అంటే ఊపిరితిత్తులకు చేరేలోగా ప్రతి ఘనమీటరుకూ దాదాపు 35 గ్రాముల నీళ్లు కలపాలి.

ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాం. ఓ మోస్తరు పరుగులో అది 60 లీటర్లకు చేరుతుంది. గంటకు 3.6 ఘనమీటర్లు. 35 గ్రాముల చొప్పున లెక్క కడితే గంటకు సుమారు 125 గ్రాముల నీళ్లు. అరగంట పరుగుకు చిన్న టీ గ్లాసుడు. విశాఖ బీచ్ రోడ్డులో 27 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఇదే పరుగు తీస్తే గంటకు 85 గ్రాములు చాలు. కిరండూల్ చలి పొద్దున శ్వాసమార్గానికి దాదాపు ఒకటిన్నర రెట్ల పని పడుతోంది.

ఈ నీళ్లన్నీ ముక్కొక్కటే ఇవ్వదు. శ్వాస నిమిషానికి 35, 40 లీటర్లు దాటాక చాలామంది తమకు తెలియకుండానే నోరు కూడా తెరుస్తారు. అక్కడి నుంచి నోరు, గొంతు, శ్వాసనాళం భారం పంచుకుంటాయి. ఇచ్చిన నీళ్లన్నీ పోవు కూడా. లోపలి నుంచి వచ్చే వెచ్చటి, తడి గాలి ముక్కు ముందు భాగంలో చల్లబడ్డ పొరకు తగిలి అక్కడే కొంత నీరుగా మారుతుంది. చలిలో ముక్కు కొసన వేలాడే చుక్కలో ఈ నీటి పాలు కూడా ఉంటుంది.

ఆవకాయ తిన్నప్పుడు జరిగేదే

మరి ఊట ఎందుకంత పెరుగుతుంది? చల్లటి గాలి వేగంగా తగిలినప్పుడు శ్లేష్మపొర మీది తడి ఆవిరై, మిగిలిన ద్రవం చిక్కబడి ఉప్పెక్కుతుంది. చలినీ ఈ ఉప్పదనాన్నీ అక్కడి నాడుల కొసలు పసిగడతాయి. కబురు మెదడు కాండానికి వెళ్తుంది. అక్కడి నుంచి పారాసింపథెటిక్ నాడుల ద్వారా తిరుగు ఆజ్ఞ వస్తుంది. ఆ నాడుల చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై గ్రంథుల్ని ఊరిస్తుంది. అందుకే ముందు ఒక ముక్కులోనే చలి తగిలినా రెండోది కూడా కారుతుంది.

కొత్త ఆవకాయ అన్నంలో కలుపుకుని తినేటప్పుడు ముక్కు కారేది కూడా ఈ దారినే. అక్కడ నాడుల్ని తట్టేది మిరపలోని కాప్సైసిన్, ఇక్కడ చలి. లోపల నడిచే తీగ మాత్రం ఒకటే. ఆవకాయ తిన్నాక ఎవరూ జలుబు మాత్ర వేసుకోరు.

వ్యాయామం ఇంకో మార్పు కూడా తెస్తుంది. పరుగు మొదలైన కొద్ది నిమిషాల్లోనే సింపథెటిక్ నాడులు చురుగ్గా పనిచేసి టర్బినేట్లలోని రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తాయి. ఉబ్బి ఉన్న మడతలు తగ్గి దారి వెడల్పవుతుంది. దిబ్బడగా ఉన్న ముక్కు పరుగెత్తగానే తెరుచుకోవడం ఇందువల్లే. దారి తెరుచుకుంటే లోపలికి వచ్చే గాలి పెరుగుతుంది, గాలి పెరిగితే ఊటా పెరుగుతుంది. పరుగు ఆపాక అరగంటలోపు నాళాలు మామూలు స్థితికి వస్తాయి. అప్పుడు కొందరికి కాసేపు దిబ్బడ వేస్తుంది. దానికీ కంగారుపడక్కర్లేదు.

రుమాలు చెప్పే సంగతి

ముక్కు కారిందంటే కారణం ప్రతిసారీ చలే కానక్కర్లేదు. కిరండూల్ లాంటి గని ఊళ్లో దుమ్ము సంగతి మరిచిపోకూడదు. బైలదిల్లా ఖనిజం హెమటైట్, ఎర్రటి ఇనుప ఆక్సైడ్. ముట్టుకుంటే పొడిగా రాలే 'బ్లూ డస్ట్' అనే మెత్తటి రకం కూడా ఆ కొండల్లో ఉంది. లారీలు తిరిగే రోడ్ల పక్కన ఈ దుమ్ము ఆకుల మీద, గోడల మీద ఎర్రగా పేరుకుంటుంది.

పరుగు అయ్యాక తెల్ల రుమాల్లో చీది చూడండి. నీళ్లలా, రంగు లేకుండా ఉంటే చలి పనే అనుకోవచ్చు. ఎర్రటి, గోధుమరంగు చారలు కనిపిస్తే మీరు ఎంచుకున్న దారిలో దుమ్ము ఉంది. ముక్కు దాన్ని పట్టుకుని బయటికి పంపుతోంది. 10 మైక్రాన్ల కన్నా పెద్ద రేణువుల్లో దాదాపు అన్నీ ముక్కులోనే చిక్కుతాయి. అంతకన్నా బాగా సన్నవి లోపలికి పోతాయి. నోటితో పీల్చినప్పుడైతే ఈ వడపోత చాలావరకు తప్పిపోతుంది. కాబట్టి దుమ్ము రోడ్డు మీద వేగంగా పరుగెత్తడం కన్నా చెట్ల మధ్య, లారీలు రాని దారిలో పరుగెత్తడం మేలు. ఎర్రచారల్ని రక్తమని భయపడకూడదు, రక్తాన్ని దుమ్మనుకుని వదిలేయనూ కూడదు. దుమ్ము లేని చోట ఉన్న రోజుల్లో కూడా చారలు కనిపిస్తుంటే చూపించుకోవాలి.

తుమ్ములు వరుసగా వస్తూ, కళ్లు, అంగిలి దురద పెడుతూ కారితే అది అలర్జీ. పుప్పొడి, ఇంటి దుమ్ములోని పురుగులు, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ లాంటివి దానికి కారణాలు. అలర్జీ ఉన్నవాళ్లు ఆరుబయట పరుగెత్తితే ఎక్కువ గాలితో పాటు ఎక్కువ పుప్పొడి పీలుస్తారు. కిరండూల్ ఉన్న బస్తర్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో పొగ కూడా తోడవుతుంది. రాలిన ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు. తెల్లవారుజామున ఆ పొగ నేలబారుగా పరుచుకుని ఉంటుంది. ఆ వారాల్లో ముక్కు కారితే చలిని తప్పుపట్టి లాభం లేదు.

క్లోరిన్ కలిపిన ఈతకొలనులో ఈది వచ్చినవాళ్లకు కారేది మరో రకం. అక్కడ చికాకు పెట్టేది రసాయనం. ముక్కుకు పెట్టుకునే క్లిప్పు చాలామందికి పనిచేస్తుంది.

మందు లేకుండా

కారణం చలి అయితే ముందు చేయాల్సింది గాలిని వెచ్చబరచడం. పలుచటి నూలు గుడ్డో మఫ్లరో ముక్కూ నోరూ కప్పేలా కట్టుకుంటే, వదిలిన ఊపిరిలోని వేడి, తేమ గుడ్డలో నిలిచి తర్వాతి ఊపిరికి అందుతాయి. గుడ్డ తడిసిపోతే మార్చుకోవాలి. మొదటి పది నిమిషాలు నడకతో మొదలుపెట్టి మెల్లగా వేగం పెంచాలి. వీలైతే ఎండ పొడిచాక బయల్దేరాలి. చలికాలపు రాత్రుల్లో నేలకు దగ్గరగా చల్లగాలి పొరలా నిలిచిపోతుంది. దుమ్మూ పొగా ఆ పొరలోనే ఉండిపోతాయి. ఎండ తగిలి నేల వేడెక్కితే గాని ఆ పొర విడిపోదు. అంచేత తెల్లవారుజామున అయిదింటి కన్నా పొద్దున ఎనిమిదింటికి గాలి వెచ్చగానూ శుభ్రంగానూ ఉండే అవకాశం ఎక్కువ.

చీదడానికీ పద్ధతుంది. రెండు ముక్కులూ బిగించి గట్టిగా చీదితే లోపల ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని ముక్కు వెనక భాగంలో వేసి అమెరికాలో పరీక్షించారు. ఫలితాలు 2000 సంవత్సరంలో వచ్చాయి. చీదినప్పుడు ఆ ద్రవం సైనస్‌లలోకి ఎగదోసుకుపోయింది. తుమ్మినప్పుడూ దగ్గినప్పుడూ అలా జరగలేదు. కాబట్టి ఒక ముక్కు మూసి, రెండోదాన్ని మెల్లగా చీదాలి. తర్వాత అటుది. రోడ్డు మీద కాదు, రుమాల్లోకి. మణికట్టుకు రుమాలు చుట్టుకుంటే పరుగు ఆపకుండానే తుడుచుకోవచ్చు. మాటిమాటికీ తుడిచి ముక్కు కింద చర్మం ఒరుసుకుపోతుంటే బయల్దేరే ముందు పలుచగా వ్యాసెలిన్ రాసుకుంటే సరి.

దుమ్ము, పుప్పొడి కారణమైతే పరుగయ్యాక ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం మంచి ఉపాయం. యోగాభ్యాసకులు జలనేతి అనేది ఇదే. లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు, అంటే చదునుగా కొలిచిన ఒకటిన్నర టీస్పూన్లు. ఉప్పు తగ్గితే మండుతుంది, ఎక్కువైనా మండుతుంది. నీళ్లు మాత్రం బాగా తెర్లనిచ్చి చల్లార్చినవే కావాలి. కుళాయి నీళ్లు, బావి నీళ్లు నేరుగా వాడకూడదు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు నేగ్లేరియా అనే అమీబా మెదడుకెక్కి చనిపోయారు. ఈ అమీబా ఉన్న నీళ్లు తాగినా ఏమీ కాదు. ముక్కు పైభాగానికి చేరితేనే ప్రమాదం. మన దేశంలోనే కేరళలో 2024లోనూ, ఆ తర్వాతా అమీబా మెదడువాపు కేసులు వార్తలకెక్కాయి. అరుదైన జబ్బే, కానీ ముక్కు కడుక్కోవడం వల్ల వచ్చే ముప్పును మరిగించిన నీళ్లతో తప్పించుకోవచ్చు.

ఉమ్మెత్త నుంచి వచ్చిన మందు

ఇవన్నీ చేసినా కొందరికి ధార ఆగదు. వాళ్లకోసం ఉన్న మందు కథ మనకు దగ్గరిదే.

ఉబ్బసానికి ఉమ్మెత్త ఆకు పొగ పీల్చే అలవాటు మన దేశంలో ఉండేది. 1802 ప్రాంతంలో మద్రాసు నుంచి తిరిగివెళ్లిన జనరల్ జెంట్ అనే ఆంగ్లేయ సైనికాధికారి ఆ పద్ధతిని బ్రిటన్‌కు తీసుకెళ్లాడు. ఆ తర్వాత ఉమ్మెత్త సిగరెట్లు ఐరోపాలో వందేళ్లకు పైగా ఉబ్బసం మందుగా చలామణి అయ్యాయి. ఉమ్మెత్తలోని అట్రోపిన్ తరహా రసాయనాలు ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటాయి. శ్వాసనాళాలు సడలుతాయి, స్రావాలు ఎండిపోతాయి. ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్లకు నోరెండిపోయి, కంటిపాపలు విప్పారి, మతి తప్పి, ప్రాణం మీదికి వచ్చేదీ ఈ రసాయనాల వల్లే. అందుకే ఇంట్లో ఉమ్మెత్తతో ఏ ప్రయోగమూ చేయకూడదు.

అట్రోపిన్‌ను మార్చి తయారుచేసిన ఇప్రాట్రోపియం రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తుంది, మెదడుకు దాదాపు చేరదు. ముక్కు స్ప్రేగా వాడితే కొట్టిన చోటే పనిచేసి, గ్రంథులకు వచ్చే ఆజ్ఞను అడ్డుకుంటుంది. మంచుకొండల మీద స్కీయింగ్ చేసేవాళ్ల ముక్కు కారడం గురించి 1991లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన పరిశీలన కూడా అట్రోపిన్ కుటుంబపు స్ప్రే ధారను తగ్గిస్తుందని చూపించి, ఇది నాడుల పనేనని బలపరిచింది. నీళ్లలా కారడానికి ఇది మందు. తుమ్ములకు, దురదకు, దిబ్బడకు పనిచేయదు. వైద్యుల సలహాతోనే, వ్యాయామానికి కొంచెం ముందు వాడాలి. గ్లకోమా, ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇదే పేరుతో దొరికే ఇన్‌హేలర్ ఊపిరితిత్తులకు. దాన్ని ముక్కులో కొట్టుకోకూడదు.

అలర్జీ అయితే దారి వేరు. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రేలు పొర వాపును తగ్గిస్తాయి. అవి ఇవాళ కొడితే ఇవాళే తగ్గించేవి కావు. వైద్యులు చెప్పినన్నాళ్లు రోజూ వాడితేనే ఫలితం. కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, మొన చెవి వైపు తిరిగేలా కొట్టుకోవాలి. అప్పుడు మందు మధ్యగోడకు తగిలి పుండు చేయకుండా టర్బినేట్ల మీద పడుతుంది.

జనం ఎక్కువగా దుర్వినియోగం చేసేది జైలోమెటజోలిన్ చుక్కల్ని. అవి రక్తనాళాల్ని ముడిచి దిబ్బడ తీస్తాయి, కారడాన్ని పెద్దగా ఆపవు. నాలుగైదు రోజులు దాటి వాడితే మందు దిగగానే ముక్కు ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ బిగింపు. నెలల తరబడి ఆ సీసా జేబులో పెట్టుకు తిరిగేవాళ్లు అలా తయారవుతారు.

పతకం పోగొట్టిన మాత్ర

పోటీల్లో పాల్గొనేవాళ్లకు ఇంకో జాగ్రత్త అవసరం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రుమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రాడుకాన్ ఆల్‌రౌండ్ విభాగంలో స్వర్ణం గెలిచింది. అప్పటికి ఆమెకు 16 ఏళ్లు. జలుబుగా ఉందని జట్టు వైద్యుడు ఇచ్చిన మాత్రలో సూడోఎఫెడ్రిన్ ఉంది. పరీక్షలో అది బయటపడి పతకం వెనక్కి తీసుకున్నారు. తర్వాత కొన్నేళ్లు నిషేధిత జాబితా నుంచి తీసేసిన ఆ మందును 2010లో మళ్లీ చేర్చారు. పోటీ సమయంలో మూత్రంలో మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాములు దాటితే తప్పు కింద లెక్క. ఇప్రాట్రోపియం, ముక్కు స్టెరాయిడ్ స్ప్రేలు ఆ జాబితాలో లేవు. జిల్లా స్థాయి పోటీల నుంచి పైకి వెళ్లాలనుకునే పిల్లలు, వాళ్ల శిక్షకులు జలుబు మాత్ర అట్ట వెనక రాసి ఉన్న పేర్లు చదవడం అలవాటు చేసుకోవాలి. పోటీలతో పని లేనివాళ్లకు కూడా క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న పాతరకం జలుబు మాత్రలు మగత తెస్తాయి. గనిలో యంత్రాల మీద, బండి మీద పనిచేసేవాళ్లు వాటిని వేసుకుని డ్యూటీకి వెళ్లకూడదు.

ఎప్పుడు చూపించుకోవాలి

ముక్కూ ఊపిరితిత్తులూ ఒకే దారిలోని రెండు మజిలీలు. ముక్కులో అలర్జీ ఉన్నవాళ్లలో ఉబ్బసం ఉండే అవకాశమూ ఎక్కువ. ఉబ్బసం ఉన్నవాళ్లు వ్యాయామంలో ముక్కుతో పీల్చితే శ్వాసనాళాలు ముడుచుకోవడం తగ్గుతుందని, నోటితో పీల్చితే పెరుగుతుందని 1978లోనే పరిశోధకులు చూపించారు. ముక్కు చేసిపెట్టే పని విలువ అక్కడ తెలుస్తుంది. ముక్కుతోనే ఊపిరి పీల్చగలిగేంత వేగంలో పరుగెత్తడం వాళ్లకు మంచి కొలత.

కొన్ని గుర్తుల్ని మాత్రం వదిలేయకూడదు. పసుపు, ఆకుపచ్చ చీమిడితో పాటు ముఖం నొప్పి, జ్వరం ఉంటే సైనస్ ఇన్ఫెక్షన్ కావచ్చు. చిన్నపిల్లలకు ఒక ముక్కు నుంచే వాసనతో కారితే లోపల గింజో పూసో ఇరుక్కుని ఉండవచ్చు. తలకు దెబ్బ తగిలిన తర్వాత, ముందుకు వంగినప్పుడల్లా ఒక ముక్కు నుంచే తేటగా, నీళ్లలా కారుతుంటే అది చీమిడి కాకపోవచ్చు. మెదడు చుట్టూ ఉండే ద్రవం అయ్యే అవకాశం ఉంది. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఇవేవీ లేకుండా, చలిలో బయల్దేరగానే కారి, ఇంటికొచ్చాక ఆగిపోయే ముక్కును చూసి పరుగు మానుకోనక్కర్లేదు. గుడ్డ కట్టుకుని, రుమాలు పట్టుకుని సాగవచ్చు. ముక్కు ఒక్క చుక్క కారకపోయినా, ఛాతీ బిగుసుకుపోయి పిల్లికూతలు వినిపిస్తే మాత్రం అక్కడికక్కడ ఆగిపోవాలి.